శ్రమకాలపు నోటుపుస్తకము

భస్మ బుధవారము మొదలు ఈస్టరునకు ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములగును. అందు ఆదివారములు ఆరు. అవి ప్రభువు పునరుత్థానమును స్మరించు దినములు గనుక ఉపవాసపు లెక్కలో చేరవు. మిగిలిన 40 దినములే శ్రమకాలము. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో ఇది మోదుగు పూచి, అడవిలో ఇప్పపూలు రాలు కాలము. విద్యార్థులకు పరీక్షల కాలము కూడ. ఈ దినములలో మాంసము మానువారు కలరు, ఒక పూట భోజనము మానువారు కలరు, ప్రతి వంటకును పిడికెడు బియ్యము సంఘము కొరకు తీసి ఉంచు తల్లులును కలరు. నేనిచ్చట వ్రాయబూనినది అంతగా వాడుకలో లేని మరియొక అభ్యాసమును గూర్చి. అది ప్రతి రాత్రియు పండుకొనుటకు ముందు, ఆ దినమున తాను నడచిన నడతను దేవుని యెదుట నాలుగైదు పంక్తులలో వ్రాసికొనుట.

ప్రార్థింపగా చాలదా యని కొందరు అడుగుదురు. రాత్రి ప్రార్థనలో మన నాలుక అలవాటుపడిన మాటల వెంట తానే పరుగెత్తును. కలము అంత వేగముగ పోలేదు. అదియే దాని మేలు.

ఈ జిల్లాలలో పనిచేసిన వెస్లియను మిషనుకు ఏ జాన్ వెస్లీ పేరు వచ్చెనో, ఆయన 1725లో ఆక్స్‌ఫర్డునందు దినచర్య వ్రాయనారంభించి, నడుమ నడుమ విడిచినను, వార్ధక్యము వరకు దానిని సాగించెను. లోకమునకు తెలిసిన ఆయన జర్నలు వేరు. అది అచ్చు వేయించుటకై సిద్ధపరచినది. తనకొరకు వ్రాసికొన్నదానిని మాత్రము ఇతరులు చదువలేని సంకేతాక్షరములలో వ్రాసెను. ఆయన మరణించిన నూరేండ్ల తరువాత గాని, నెహెమ్యా కర్నాక్ అను పండితుడు ఆ సంకేతములను విప్పి, 1909 మొదలు వెలువడిన సంపుటములలో ప్రకటింపలేదు. వేలకొలది జనులకు బోధించిన మనుష్యుడు తన రాత్రి పుటకు తాళము వేసికొనెనను సంగతి నాకు ఆయన ప్రసంగములన్నిటికంటె నచ్చినది.

ఇట్లనుటకు హేతువున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఒక పాఠశాలలో శ్రమకాలమున పిల్లలందరిచేత దినచర్య వ్రాయించి, వారమునకొకసారి దిద్ది, మంచి పుస్తకమునకు బహుమానమీయవలెనని తీర్మానించిరి. ఉద్దేశము మంచిదే. రెండవ వారమునకు పుస్తకములన్నియు ఒక్క అచ్చున పోసినట్లుండెను: ఉదయమున లేచితిని, ప్రార్థించితిని, వాక్యము చదివితిని, తల్లిదండ్రులకు లోబడితిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు మాత్రము నాయొద్దకు వచ్చి, "సార్, నిజము వ్రాసినచో మార్కులు తగ్గునా?" అని అడిగెను. నేను ఆ ప్రశ్నను ఉపాధ్యాయుల సమావేశమున చెప్పితిని. చర్చ చాలసేపు జరిగెను. పుస్తకములు వసూలు చేయుట ఆగెను గాని, కొందరికి నామీద అప్రియము కలిగినది. దాగియున్నవాటిని చూచు తండ్రికి ప్రార్థింపుమని ప్రభువు చెప్పిన చోట ఎఱ్ఱసిరాకు పని లేదని నా అభిప్రాయము నేటికిని మారలేదు.

ఇక వ్రాయు విధము. తెలుగు బోధించువాడను గనుక నా దృష్టి క్రియమీదికి పోవును. మన భాషలో కోపము 'వచ్చును', అబద్ధము నోట 'జారును', ఆలస్యము 'అగును', గాజుగ్లాసు తనంతట తానే 'పగులును'. 'నాకు కోపము వచ్చినది' అను వాక్యమునకు కర్త కోపము. నేను తలుపు తీసిన ఇంటివాడను మాత్రమే. ఇది భాషకు దోషము కాదు, సొగసే. కాని దేవుని యెదుట వ్రాయు పంక్తిలో ఆ సొగసు చాటున మనము దాగుదుము. ఆదాము ఏదెను తోటలో మొదట స్త్రీని చెప్పి, ఆమెను తనకిచ్చిన దేవునినే చెప్పి, తాను తినుటను చివరకు చెప్పెను. తప్పిపోయిన కుమారుడట్లు కాదు. పందులయొద్ద నుండగానే తండ్రితో చెప్పవలసిన మాటలను కూర్చుకొనెను. వాటికి కర్త తానే. లూకా 15వ అధ్యాయమును నిదానించి చదువుడు. తనను కూలివానిగా పెట్టుకొమ్మను కడపటి మాటను చెప్పకముందే తండ్రి దాసులను పిలిచి వస్త్రము తెండనెను.

'స్నేహితుని పుస్తకము నాయొద్ద ఉండిపోయినది' అని వ్రాసిన విద్యార్థి సుఖముగ నిద్రించును. 'స్నేహితుని పుస్తకము నేను తిరిగి ఇయ్యలేదు' అని వ్రాసినవాడు మరునాడు ఆ పుస్తకమును సంచిలో పెట్టుకొని పోవలసివచ్చును. పేరును, అంకెయు వ్రాయుట కూడ ఇందుకే. జక్కయ్య తన మారుమనస్సును సగము ఆస్తి, నాలుగంతలు అని లెక్కతో చెప్పెను.

అక్షరము రానివారికి ఇది సాధ్యము కాదనుకొనవద్దు. మా నాయనమ్మకు చదువు లేదు. ఆమె బాల్యము నిజాము రాజ్యమున గడచెను. సర్కారు బడులలో ఉర్దూకే పీట, పేదయింటి ఆడపిల్లకు ఆ బడియు దూరమే. పాలలెక్క గోడమీద బొగ్గుగీతలతో కట్టెడిది. శ్రమకాలమున దాని ప్రక్కన మరియొక లెక్క ఉండెడిది: కోడలిని, అనగా మా అమ్మను, ఒక్క మాటయు అనకుండ గడచిన దినమునకు ఒక సున్నపు చుక్క. వారమునకు రెండు మూడు చుక్కలు పడిన గొప్ప. ఆ చుక్కల అర్థము ఇంటివారికి తప్ప తెలియదు. వెస్లీ సంకేతములకు అవి తీసిపోవు. ఒకనాడు మా అమ్మ జాలిపడి, "అత్తమ్మా, నిన్నటికి కూడ చుక్క పెట్టుకో, నాకేమీ వినపడలేదు" అనెను. నాయనమ్మ, "నాకు వినపడ్డది గద" అని, సున్నపు కాయను గూటిలో పెట్టెను.

వచ్చే శ్రమకాలమున ఆరంభింపగోరు విద్యార్థులకు చెప్పవలసినది కొంచెమే. చిన్న నోటుపుస్తకము చాలును. పరీక్షయున్న రాత్రి రెండు వాక్యములు వ్రాసి పండుకొనుడు. వసతిగృహములో ఉన్నవారు పెట్టెలో బట్టల అడుగున ఉంచుకొనుడు; స్నేహితుని పుస్తకము కంటబడినను తెరువకుడు. మరచిన దినముల పుటలను ఈస్టరు ముందటి రాత్రి కూర్చుండి నింపవద్దు. తేదీ మాత్రము వేసి ఖాళీగానే విడువుడు.