నిత్యనూతన దేవాలయము

జపాను దేశమున మియే మండలమునందు ఈసే యను పట్టణము కలదు. అచ్చట ఇసుజు నదీతీరమున, మహావృక్షముల నడుమ, సూర్యదేవత యగు అమతెరసు ఆలయమున్నది. షింటో మతస్థులకు అది పరమపవిత్రమైన క్షేత్రము. దానికి కొంతదూరమున అన్నాధిదేవత యగు తొయొఉకే ఆలయము కలదు. మొదటిదానిని లోపలి ఆలయమనియు, రెండవదానిని వెలుపలి ఆలయమనియు వ్యవహరింతురు.

రాతిగుడులను చూచి పెరిగిన బాలురకు ఈ ఆలయములు వింతగా తోచును. వీనికి గోపురములు లేవు, రాతిగోడలు లేవు. రంగు పూయని హినోకి కలపతో వీనిని కట్టుదురు. స్తంభములను నేరుగా నేలలో పాతి, పైకప్పునకు గడ్డి నేయుదురు. తేమకు కలప చివుకును. వానకు గడ్డి మాగును. అందుచే ఇరువదేండ్లకొకసారి, ప్రక్కనే విడిచియుంచిన స్థలమున, అవే కొలతలతో క్రొత్త ఆలయమును నిర్మించి, రాత్రివేళ దేవతను అందులోనికి వేంచేపు చేయుదురు. పిమ్మట పాతదానిని విప్పుదురు. దాని పెద్ద స్తంభములు వంతెన చెంత తోరణములై మరి ఇరువదేండ్లు నిలుచును.

ఈ ఆచారము 690వ సంవత్సరమున జితో చక్రవర్తిని కాలమున ఆరంభమయ్యెను. 15వ శతాబ్దమున దేశమంతట అంతర్యుద్ధములు చెలరేగగా ధనము కొరవడి, నూరేండ్లకు పైగా అది నిలిచిపోయెను. అప్పుడు సెయిజున్ అను బౌద్ధ సన్న్యాసిని పూనుకొని విరాళములు ప్రోగుచేసెను. ఆమె కృషిచే 1563లో వెలుపలి ఆలయము మరల లేచెను. 1585లో రెండు ఆలయములును క్రొత్తవయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1949లో జరుగవలసిన కార్యము 1953 వరకు ఆగెనే కాని మానిపోలేదు. 2013లో జరిగినది 62వది, రాబోవునది 2033లో.

ఒక్కొక్క నిర్మాణమునకు పదివేలకు పైగా చెట్లు కావలెను. పెద్ద స్తంభమునకు తగిన చెట్టు ఎదుగుటకు రెండువందల యేండ్లు పట్టును. అయినను 1923లో ఏర్పరచిన ప్రణాళిక ననుసరించి ఆలయవనమున మొక్కలు నాటుచున్నారు. నాటిన చేతులు ఆ స్తంభములను తాకజాలవు.

ఇరువదవయేట కలప మోసి పని నేర్చిన యువకుడు, నలువదవయేట స్వయముగా ఉలి పట్టును. అరువదవయేట కుర్రవారికి నేర్పును. ఆలయము వయస్సు ఇరువదేండ్లే. ఆ చేతిపని వయస్సు పదుమూడు శతాబ్దములు.