నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

ఏజెన్సీ బడుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు కనిపిస్తారు. మైదానం నుంచి కొత్తగా వచ్చిన మాస్టార్లు దాన్ని బిడియం అనుకుంటారు. "మీ కొండ పిల్లలకి సిగ్గెక్కువండీ" అని మాతోనే అంటారు. పెద్దల ముందు అలా నిలబడటం మర్యాద కూడా కాబట్టి ఆ మాట చెల్లిపోతుంది. ఆశ్రమ పాఠశాలల్లోనే చదివి, అక్కడే పాఠాలు చెబుతున్న మా బోటి వాళ్లం మాత్రం ఆ పిల్లాడి పక్కన ఎవరు కూర్చున్నారో చూస్తాం.

ముగ్గురు కూర్చునే బెంచీలో ఇద్దరు ఒక చివరికి జరిగిపోయి ఉంటే సంగతి అర్థమవుతుంది. అన్నాల వరసలో, రాత్రి పడకల దగ్గర కూడా అదే ఎడం. ఇక ఒక పేరు పెట్టి పిలవడం మొదలైతే ఆ పిల్లాడు లేచి పాఠం చదవడు, లెక్క రాకపోయినా దగ్గరికొచ్చి అడగడు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడి వచ్చిన పిల్లలకి బడిలో తెలుగు పలకడమే ఒక బరువు. దానికి తోడు నోరు తెరిస్తే నవ్వుతారన్న భయం కూడా పడుతుంది. సైన్సు పుస్తకంలో కొరికే పళ్లు, నమిలే పళ్లు ఉంటాయి గానీ ఈ సంగతి ఉండదు.

మేము ముగ్గురు టీచర్లం కలిసి దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరినీ నిలబెట్టం. పొద్దున్నే మొహాలు కడగకముందు అందరం, మాతో సహా, మణికట్టు మీద నాలుకతో ఒకసారి రాసి, తడి ఆరాక వాసన చూసుకుంటాం. మాస్టారి చెయ్యి కూడా కంపు కొడుతుందని తెలిసిన రోజు పిల్లలు ఎంత నవ్వారో! నిద్రలో ఉమ్మి తగ్గుతుందనీ, నాలుక వెనక, పళ్ల సందుల్లో చేరిన సూక్ష్మజీవులు మిగిలిన తిండిని కుళ్లబెడతాయనీ అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. పడుకునే ముందు తోముకోవడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

పుల్ల సంగతీ చెబుతాం. మన పెద్దలు కానుగ పుల్లో వేప పుల్లో నమిలి తోముకున్నాక, దాన్ని నిలువునా చీల్చి నాలుక గీసుకునేవారు. బ్రష్షు వచ్చాక పుల్లతో పాటు నాలుక గీసుకోవడమూ పోయింది. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకి 2 సార్లు, 2 నిమిషాల చొప్పున తోమమంటాం. చోడి అంబలి తాగిన రోజుల్లో లేని బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు ఇప్పుడు ప్రతి సంతలోనూ ఉన్నాయి మరి. బొగ్గు, ఇటుక పొడి వద్దు, పంటి పైపొరని అరగదీస్తాయి. నల్గొండ వైపు ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలది అసలు మురికే కాదు, ఎంత తోమినా పోదు. టీచర్లు కూడా తెలుసుకోవలసిన ముక్క ఇది.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె సంక్రాంతి సెలవులకి వెళ్లి తిరిగి రాలేదు. మేము ఊరికి వెళ్తే వాళ్ల నాన్న, "బెంచీ మీద పక్కన ఎవరూ కూర్చోవడం లేదంట మాస్టారూ, ఇక మేకలు కాసుకుంటాది" అన్నాడు. కింది దవడలో పెద్ద పన్ను లోపలి దాకా పుచ్చి చీము పట్టింది. ఆరేళ్లప్పుడు వచ్చే ఆ పన్నుని చాలామంది పాలపన్ను అనుకుంటారు, ఊడినా మళ్లీ వస్తుందిలే అని వదిలేస్తారు. అది మళ్లీ రాదు. దగ్గర్లో పళ్ల డాక్టరు లేక జీపులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి తీయించాం. కొద్ది రోజుల్లో వాసన పోయింది. పిల్లలు పెట్టిన పేరు పోవడానికి ఆ ఏడాదంతా పట్టింది. నిజం చెప్పాలంటే పళ్లు తోమించడం కంటే ఆ పేరు మాన్పించడమే మాకు కష్టమైంది. "స్నేహితుడి నోరు వాసన వస్తే పక్కకి పిలిచి మెల్లగా చెప్పు, నలుగురిలో అనకు" అన్నది పాఠంలో చేర్చింది అప్పుడే.

ఈ పాఠం పిల్లలతో ఇంటికి ఎలా వెళ్తుందన్నది ఇంకో చింత. మన ఊళ్లలో, కింద శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కూడా, చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు ఇంకా ఉన్నారు. ఆ వేడికి, పొగకి అంగిలి తెల్లబడుతుంది, పుళ్లు పడతాయి, కొందరికి క్యాన్సరు దాకా పోతుంది. ఇది విన్న పిల్లలు ఇంటికెళ్లి అవ్వ దగ్గర ముక్కు మూసుకుంటే మేము నేర్పింది దేనికి? అందుకే దసరా సెలవులకి ముందు ఒక పని చెప్పి పంపాం. అవ్వ పక్కనే కూర్చుని అన్నం తినాలి, తర్వాత టార్చి వేసి ఆమె అంగిలి చూడాలి.

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు తిరిగొచ్చి, "నా చుట్ట నీకంటే ముందు పుట్టిందిరా అని మా అవ్వ కొట్టడానికొచ్చింది మాస్టారూ. నోరు మాత్రం తెరిచింది" అన్నాడు. అంగిలి తెల్లగా, మధ్యలో ఎర్ర చుక్కలతో ఉందట. ఏఎన్ఎమ్‌కి చెప్పాం. వచ్చే సంత రోజున చూపించుకోవడానికి కొండ దిగుతానంది అవ్వ, తెచ్చిన సీతాఫలాలన్నీ అమ్ముకున్నాకే.