పరగడుపు అంకె చూసి మురిసిపోకండి

మీకు షుగరుందా? ఇంట్లో గ్లూకోమీటరు ఉందా? పొద్దున్నే వేలికి సూది గుచ్చుకుని, 118 అనో 122 అనో కనబడగానే "ఫరవాలేదు, అదుపులోనే ఉంది" అనుకుని ఆ పెట్టెను మర్నాటిదాకా బీరువాలో పెట్టేస్తున్నారా? అయితే ఈ వారం నా సంగతే వినండి.

నేను డాక్టర్ని. మధుమేహం వచ్చి తొమ్మిదేళ్లయింది. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు కూడా చూసుకోవాలని రోగులకు రోజూ చెబుతాను. నేను మాత్రం చూసుకునేవాణ్ణి కాను. తెలియకేం కాదు. మా ఇంటి మధ్యాహ్న భోజనం తరవాత ఏ అంకె వస్తుందోనని భయం!

కిందటేడు ఒక డాక్టరు మిత్రుడి పోరు పడలేక హెచ్‌బి ఏ1సి పరీక్ష చేయించుకున్నాను. గడచిన రెండు మూడు నెలల సగటును చెప్పే పరీక్ష ఇది. చాలామందికి 7 శాతం లోపు ఉంటే మంచిదంటాం. నాకు 8.6 వచ్చింది. అంటే చక్కెర సగటున 200 దగ్గర ఉంటోందన్నమాట. పరగడుపున 118 ఉన్న మనిషికి ఈ 200 ఎక్కణ్ణించి వచ్చినట్టు?

మిత్రుడు వెంటనే మందు మార్చలేదు. మూడు రోజులు భోజనానికి ముందూ, రెండు గంటల తరవాతా చూసి, ఏం తిన్నానో, ఎంతసేపు నిద్రపోయానో, మనసెలా ఉందో రాయమన్నాడు.

"మనసెందుకోయ్?"

"రాయవయ్యా!"

మొదటిరోజు ఎప్పటిలాగే పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం. 262. రెండోరోజు అన్నం సగానికి తగ్గించి, కూరా పప్పూ పెంచి, తిన్నాక ఇరవై నిమిషాలు నడిచాను. 176. రెండు గంటలకు 180 లోపు ఉంటే చాలంటాం కదా, పొంగిపోయాను. మూడోరోజూ అదే భోజనం, అదే నడక. 231! పక్కన నా రాతే ఉంది: "నిద్ర మూడు గంటలు. అబ్బాయితో ఫోనులో మాటామాటా." దిగులూ, నిద్రలేమీ కొన్ని హార్మోన్లను రేపుతాయి. అవి కాలేయం చేత చక్కెర వదిలిస్తాయి, ఇన్సులిన్‌ని పని చేయనివ్వవు. కాలేజీలో చదివిన పాఠమే. నా రక్తపు చుక్కలో చూసేదాకా మనసుకు పట్టలేదు.

అన్నట్టు, ఒకరోజు మామిడిపండు కోసిన చేత్తో చూసుకుంటే 340 వచ్చి గుండె జారిపోయింది. సబ్బుతో కడిగి, తుడుచుకుని చూస్తే 150! మీరూ చేతులు కడుక్కోండి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ.

ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి చక్కెర 70 కంటే పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ తరవాత మిత్రుడు నన్ను చెప్పులు విప్పి కళ్లు మూసుకోమన్నాడు. నైలాను దారంతో పాదం మీద అక్కడక్కడా తాకిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. ఎడమ అరికాల్లో రెండుచోట్ల తాకించాడట. నాకు తెలియలేదు.

మా నాన్న గుర్తొచ్చాడు. 1978లో మా వంటింటి గట్టు మీద స్పిరిటు దీపం, టెస్టుట్యూబు, నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం ఉండేవి. ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాచేవారు. నీలంగానే ఉంటే ఇంట్లో అందరికీ హుషారు. ఇటుక రంగుకు తిరిగితే ఆ పూట ఎవరికీ మాటలుండేవి కావు. ఆ రంగు చూసినంత శ్రద్ధగా ఆయన అరికాలు ఎవరం చూడలేదు. చెప్పులోని మేకు గుచ్చుకున్నా ఆయనకు తెలియలేదు. బొటనవేలు తీసేయాల్సి వచ్చింది.

ఏడాదికోసారి పాదాలు, కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ చూడమని మీ డాక్టర్ని అడగండి. రక్తపోటు, కొలెస్ట్రాల్ సరేసరి. దిగులుగా ఉంటే అదీ చెప్పండి, సిగ్గుపడకండి. మీటరు అంకె చూసి మందులు మీరే మార్చుకోకండి.

ఇప్పుడు రాత్రి పడుకోబోయే ముందు మా ఆవిడ చిన్న అద్దం నేలమీద పెడుతుంది. దాని మీదుగా పాదం ఎత్తి చూసుకుంటాను. నా కళ్లజోడుకు ఆననిది ఆవిడకు కనబడుతుంది. నిన్న ఎడమ మడమ మీద పగులొకటి పట్టుకుంది.