అంపైరు మాటే వేదమా?

బేస్‌బాల్ అభిమానుల మధ్య అంపైరు తీర్పుల మీద వాదం మొదలైతే ఒక పట్టాన తెగదు. పాతికేళ్ళ కిందటి ఆటనైనా నిన్ననే చూసినట్టు తవ్వి తీస్తారు. ఆ వాదాల్లో నాకు నచ్చనిది ఒకటుంది: రెండు వేర్వేరు తప్పుల్ని ఒకే గాటన కట్టెయ్యడం. నియమాన్ని చదవడంలో జరిగే తప్పు వేరు, కంటి తప్పు వేరు.

మొదటిదానికి 1983 జులై 24 నాటి ఆట చాలు. న్యూయార్క్ యాంకీస్ 4-3తో ముందున్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కాన్సస్ సిటీ ఆటగాడు జార్జ్ బ్రెట్ రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. యాంకీస్ మేనేజరు బిల్లీ మార్టిన్ బయటికొచ్చి, పట్టు జారకుండా బ్యాటుకు పూసుకునే పైన్ తారు 18 అంగుళాల హద్దు దాటిందని ఫిర్యాదు చేశాడు. అంపైరు టిమ్ మెక్లెలండ్ 17 అంగుళాల వెడల్పుండే హోమ్‌ప్లేట్ మీద బ్యాటును ఆనించి కొలిచి, బ్రెట్ ఔటన్నాడు. అప్పుడు బ్రెట్ డగౌట్ నుండి అంపైరు మీదికి దూసుకొచ్చిన తీరు చూడనివారుంటే వీడియో వెతికి చూడండి.

కాన్సస్ సిటీ నిరసన దాఖలు చేసింది. అటువంటి బ్యాటును పక్కన పెట్టించాలి గాని కొట్టిన దెబ్బను రద్దు చేయకూడదని లీగు అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ తేల్చాడు. ఆగస్టు 18న మిగిలిన ఆట మొదలవగానే మార్టిన్ కొత్త పేచీ పెట్టాడు: బ్రెట్ ఆ రోజు బేసులన్నీ తాకలేదట! అంపైరు జేబులోంచి కాగితం తీశాడు. తాకాడని పాత అంపైర్లు సంతకాలు చేసిన ప్రమాణపత్రం అది. కోర్టుపక్షులకు కూడా ఇంత ముందుచూపు ఉండదేమో. కాన్సస్ సిటీ 5-4తో గెలిచింది.

కంటి తప్పుకు ఇటువంటి మందు లేకపోయింది. 2010 జూన్ 2న డెట్రాయిట్ పిచర్ అర్మాండో గలరాగా వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. మరొక్కడు ఔటైతే, ప్రత్యర్థి ఒక్కడూ బేసు చేరని పర్ఫెక్ట్ గేమ్. జేసన్ డొనాల్డ్ కొట్టిన బంతిని మిగెల్ కబ్రెరా అందుకుని, ఫస్ట్ బేసుకు పరుగెత్తిన గలరాగాకే విసిరాడు. బంతి ముందే చేరింది. అంపైరు జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. గలరాగా చిరునవ్వు నవ్వి, తర్వాతి బ్యాటర్‌ను ఔట్ చేసి ఆట ముగించాడు. రీప్లే చూశాక జాయిస్ కన్నీళ్ళతో తప్పు ఒప్పుకున్నాడు.

అయినా కమిషనర్ బడ్ సీలిగ్ ఆ తీర్పును మార్చలేదు. ఆనాడు నిరసనకు చోటుండేది నియమాన్ని తప్పుగా అన్వయిస్తేనే. అంపైరు కంటిచూపు మీద కాదు. అప్పట్లో వీడియో సాయం హోమ్‌రన్ తగవులకే పరిమితం. ఇటువంటి తీర్పులకు అది 2014లో గాని రాలేదు.

సీలిగ్ చేసింది సబబేనని నేనంటాను. ఇది మారిస్తే, 1985 వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో డాన్ డెంకింజర్ తప్పుగా ఇచ్చిన సేఫ్ సంగతేమిటని సెయింట్ లూయిస్ వారు అడగరా? ఎదుటివారి జవాబూ బలమైనదే. డొనాల్డ్ ఔటైతే ఆట అక్కడితో సరి. మార్చినా ఎవరి గెలుపూ ఓటమిగా మారదు. పోయినదల్లా ఒక మనిషి పేరు మీద ఉండవలసిన రికార్డు.

మర్నాడు హోమ్‌ప్లేట్ దగ్గర అంపైరు జాయిసే. డెట్రాయిట్ జట్టు జాబితా ఆయన చేతికి అందించినవాడు గలరాగా.