ఆరుగురు... నాలుగు మెషీన్లు!

ధర్మవరంలో ఒక్క మగ్గమే ఉన్న నేతగాణ్ణి ఒకేసారి నాలుగు రకాల చీరలు నేసిమ్మని అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటాడు. డిజైను మారితే జకార్డు అట్టలు మార్చాలి. పది మగ్గాల యజమానికైతే సరే. ఇతను మాత్రం ఒక చీర దించాకే రెండోదాని మాట ఎత్తాలి. వీడియో గేముల సంగతీ ఇంతేనని మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది.

మాది చెన్నేకొత్తపల్లి. వాన పడితే వేరుశెనగ, పడకపోతే బెంగళూరు బస్సు! వాడూ ఆ బస్సే ఎక్కాడు. మరో ఐదుగురితో కలిసి చిన్న గేముల కంపెనీ పెట్టాడు. కంప్యూటర్‌లో ఆడుకునే ఆట ఒకటి సగం పైగా తయారైంది. దాన్నే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లకు కూడా ఒకేరోజు విడుదల చేయాలని వాళ్ల ఆశ. అందుకు డబ్బు కావాలి. ఊళ్లో ఉన్న రెండెకరాలు అమ్ముదామన్నాడు. మా అక్క నన్ను పిలిచి, ‘‘నువ్వైనా ఒక మాట చెప్పురా’’ అంది.

‘‘ఒక సీడీ అన్ని ప్లేయర్లలో ఆడినట్టు ఇదీ ఆడదా?’’ అని అడిగాను.

‘‘ఆడదు మామా! యూనిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే మళ్లీ మొదటి నుంచి రాసే పని తప్పుతుంది, అంతే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో మెమొరీ 16 జీబీ, సిరీస్ ఎస్‌లో 10. 2017లో వచ్చిన స్విచ్‌లో నాలుగే. పెద్దింటి సామాను ఒంటిగదిలో సర్దినట్టే’’ అన్నాడు. ఆ తర్వాత ఒక్కో కంపెనీ పెట్టే పరీక్ష వేరు. ఆట మధ్యలో కంట్రోలర్ ఊడిపోతే ఏం జరుగుతుందో కూడా చూస్తారు. తప్పితే సరిచేసి మళ్లీ పంపాలి.

నాకు లెక్క అర్థమైంది. ఈ పనికి ఇద్దరిని పెడితే రెండొందల మంది ఉన్నచోట తేడా తెలియదు. ఆరుగురిలో ఇద్దరంటే మూడోవంతు!

పోనీ, పెద్ద కంపెనీలకు ఈ తిప్పలు లేవా అంటే, ఉన్నాయి. ‘బల్దూర్స్ గేట్ 3’ తీసిన లారియన్‌లో నాలుగొందల మందికి పైనే పనిచేశారు. 2023 ఆగస్టులో కంప్యూటర్‌కు, సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కు ఇచ్చారు. ఎక్స్‌బాక్స్‌కు మాత్రం డిసెంబరు దాకా కుదరలేదు. తెరను రెండుగా చేసి ఇద్దరు ఆడుకునే సదుపాయం సిరీస్ ఎస్‌లో సరిగా రాక, అందులో దాన్ని వదిలేసి విడుదల చేశారు. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ పాత కన్సోళ్లలో సరిగా ఆడకపోయేసరికి, సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో.

చిన్నవాళ్ల దారి వేరు. ఆస్ట్రేలియాలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది చేసిన ‘హాలో నైట్’ 2017 ఫిబ్రవరిలో కంప్యూటర్‌కు వచ్చింది. స్విచ్‌కు 2018 జూన్‌లో, మిగతావాటికి ఆ సెప్టెంబరులో. మన పుణె కుర్రాళ్ల ‘రాజీ’ కూడా 2020 ఆగస్టులో ముందు స్విచ్‌కు, అక్టోబరులో మిగతావాటికి వెళ్లింది. పెద్ద కంపెనీ తేదీ ప్రకటించాక ఆగడం కష్టం. చిన్న కంపెనీకి ‘ఇప్పుడు కాదు’ అనే వెసులుబాటు ఉంది. దాన్ని పొలం అమ్మి మరీ పోగొట్టుకోవడం ఎందుకు?

ఈ మాటే వాడితో అన్నాను. రెండ్రోజులు ఫోన్ లేదు. మూడోరోజు చేశాడు.

‘‘ముందు కంప్యూటర్ ఒక్కటే మామా. అది అమ్ముడుపోతే ఆ డబ్బుతో స్విచ్.’’

ఆట ఆడుతుందో లేదో జనం చెప్పాలి. పట్టాదారు పాసుపుస్తకం మాత్రం మా అక్క పెట్టెలోనే ఉంది.