చలికాలపు టైర్లు

కెనడాలోని ఆంటారియోలో మా కాపురము. ప్రక్కనున్న క్విబెక్‌లో డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. ఇచ్చట ఆ నిర్బంధము లేదు. ఏటేట రెండుమారులు మార్పించు కూలి దండుగయని, వానిని అమ్మివేయుదమని మేమే పట్టుపట్టితిమి.

గడచిన శీతకాలమున అవి తగిలింపకయే, పిల్లవానిని వెంటబెట్టుకొని మావారు బడికి బయలుదేరిరి. కూడలియొద్ద బ్రేకు నొక్కినను కారు నిలువక మంచుపై జారిపోయెను. ఎదుట నెవ్వరును లేకపోవుట మా పసుపుకుంకుమల బలము.

చలి 7 డిగ్రీలకు దిగువనైనచో మామూలు రబ్బరు గట్టిపడును. చలికాలపుది మెత్తగానుండి నేలను పట్టును. ఒక సెట్టు తిరుగుచుండగా రెండవది అరుగదు. 2016 నుండి బీమా రుసుములోను కొంత తగ్గింపు కలదు.

వానిని ఉంచుకొంటిమి. ఏటికొకమారు కట్టు పట్టుచీరెకు పెట్టెలో చోటిచ్చు మనము, ప్రాణము గాచు వానికి కొట్టులో చోటీయలేమా?