సీటొచ్చేదాకే

కోడుమూరులో మా వీధి పొడుగునా పడుగుకు పట్టించే గంజి వాసన ఉండేది. కర్నూలు మెడికల్ కాలేజీలో చేరాక నాకు ఫార్మలిన్ వాసన పట్టుకుంది. సెలవులకు ఇల్లు చేరితే మా అవ్వ గడప దాటనిచ్చేది కాదు. "శవాల్ని ముట్టినోడివి, ముందు నీళ్లు పోసుకో పో" అనేది.

ఫీజు ఎంత కట్టామో గుర్తులేదు. నాన్న చీరలు నేసిన కూలిలోంచే కట్టాడు, అప్పు చెయ్యలేదు. సీటు కేవలం నా తెలివితో వచ్చిందని నా పొగరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మా సీమ నాలుగు జిల్లాలకూ నెల్లూరుకూ కలిపి 85 శాతం సీట్లు స్థానికులకే ఉంటాయని హాస్టల్లో సీనియరెవరో చెబితే, నా మార్కులు కొట్టేసినంత ఉక్రోషం వచ్చింది. ఆ కాలేజీ వచ్చింది 1956లో. కర్నూలు నుంచి రాజధాని పోయిందీ ఆ ఏడే. రాజధాని ఉండుంటే మా మగ్గానికి ఏం ఒరిగేదో గాని, కాలేజీ పుణ్యాన మా ఇంట్లో ఒకడు డాక్టరయ్యాడు.

మొదటి ఉద్యోగం మా ఊరికి దగ్గర్లోని పల్లెలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. పల్లెల్లో కొన్నేళ్లు చేస్తే పీజీలో సర్వీసు కోటా, చదివినన్నాళ్లూ జీతం. ఓపీ అయ్యాక బల్ల మీద ఎంట్రన్సు గైడు తెరిచేవాణ్ణి. బీపీ బిళ్లలకొచ్చిన ఓ ముసలాయన దాన్ని చూసి, "నువ్వూ సీటొచ్చేదాకే గదా సార్?" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

వానలు లేని ఏడు జనం గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లు. టీకాల రిజిస్టరులో పిల్లల పేర్లకెదురుగా ఏఎన్ఎం పెన్సిలుతో "సుగ్గి" అని రాసి పెట్టేది. ఒక రాత్రి పురుగుమందు తాగిన రైతును తెచ్చారు. కనుపాపలు చూసుకుంటూ అట్రోపిన్ ఇస్తూనే ఉన్నాను. తెల్లారి కర్నూలుకు పంపాం. బతికాడా? ఎంత తడుముకున్నా గుర్తుకు రాదు. జీపెక్కుతున్న ఆయన భార్య మెడలో పుస్తెలు లేవు, పసుపుకొమ్ము కట్టిన తాడు ఉంది. అదొక్కటే మిగిలింది.

సీటొచ్చింది, వెళ్లిపోయాను. స్పెషలిస్టునయ్యాక పట్నాల్లోనే పనిచేశాను. దాన్ని తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ ఆశే లేకుంటే ఆ కొన్నేళ్లు కూడా ఆ కుర్చీలో కూచునేవాణ్ణి కాదు. ఈ బేరం సర్కారుకూ తెలుసు, ముసలాయనకూ తెలుసు.

2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. మా వీధిలో ఒకతను ఫీజుల కాగితం పట్టుకొచ్చాడు. కన్వీనర్ సీటుకు ఏడాదికి 15 వేలు, బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారై కోటాకు 20 లక్షలు.

"సర్కారు కాలేజీనే గదన్నా ఇది?" అని మళ్లీ మళ్లీ అడిగాడు.

సర్కారుదే. కాకపోతే రాష్ట్రం వాటాలో సగమే కన్వీనర్ సీట్లు. ఏడాదికి 12 లక్షలు పోసి చదివినవాణ్ణి పల్లెలో కూచోమని ఏ ముఖంతో అడుగుతారో నాకు అర్థం కాలేదు. నన్నడగడానికి సర్కారుకు హక్కుండేది.

"కన్వీనర్ సీటొస్తే మావోడు మన పక్క పల్లెలకొస్తాడంటావా?"

"వస్తే కొన్నేళ్లుంటాడు."

"చాల్లే అన్నా, ఆలోపల నా మోకాళ్లు సూపించుకుంటా" అని కాగితం జేబులో పెట్టుకున్నాడు.